నీరు ఎక్కువైతేనే ముప్పు

ఆకుల్లో, కాండంలో నీటిని దాచుకునే కలబంద, రణపాల, జేడ్‌ వంటి మొక్కలను సక్యులెంట్లు అంటారు. ఇళ్లలో ఇవి ఎండిపోవడం కంటే, రోజూ నీరు పోయడంవల్ల వేళ్లు కుళ్లి చనిపోవడమే ఎక్కువ.

కొనే ముందు కాండం మొదలు గట్టిగా ఉందో లేదో చూడాలి. అడుగున రంధ్రమున్న మట్టి కుండీలో ఎర్రమట్టి, ముతక ఇసుక సమపాళ్లలో కలిపి నాటాలి. వెలుతురు బాగా వచ్చే తూర్పు కిటికీ అనుకూలం. రెండంగుళాల లోతు వరకు మట్టి ఆరాకే నీరు పోయాలి. వర్షాకాలంలో, ముఖ్యంగా గాలిలో తేమ అధికంగా ఉండే కోస్తా జిల్లాల్లో, ఇంకా తగ్గించాలి.

ఆకులు ముడతలు పడితే నీరు చాలనట్లు. పసుపుబారి మెత్తబడితే ఎక్కువైనట్లు గుర్తించాలి. పాలు కారే జెముడు జాతులను పిల్లలకు అందకుండా ఉంచాలి. ఆ పాలు పడితే కళ్లకు ప్రమాదం.