ఎండతోనే హైడ్రోజన్ పెరాక్సైడ్.. పైడిభీమవరం వ్యర్థ జలాలకు పనికొస్తుందా?

గాయం మీద పోయగానే తెల్లగా నురగ వచ్చే మందు గుర్తుందా? అదే హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపులో దొరికేది 3 శాతం ద్రావణం. ఫ్యాక్టరీల్లో వాడేది 35, 50 శాతం సరుకు. బట్టల బ్లీచింగ్ నుంచి వ్యర్థ జలాల శుద్ధి దాకా దీంతో పనుంది.

ఇప్పుడు దీన్ని ఎండతోనే తయారు చేసే పనిలో పడ్డారు సైంటిస్టులు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం పైడిభీమవరం లాంటి చోట ఇది పట్టించుకోవాల్సిన విషయమే. అక్కడ ఫార్మా కంపెనీలు ఉన్నాయి. మందుల తయారీలో వచ్చే వ్యర్థ జలాల్లోని కొన్ని రసాయనాలు మామూలు బ్యాక్టీరియాకు ఓ పట్టాన లొంగవు. పెరాక్సైడ్‌లో కాస్త ఇనుప లవణం కలిపితే హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టి ఆ రసాయనాలను ముక్కలు చేస్తాయి. దీన్నే ఫెంటన్ పద్ధతి అంటారు.

మరి ఇప్పుడెలా తయారవుతోంది? ఆంత్రాక్వినోన్ అనే పద్ధతిలో. దానికి హైడ్రోజన్ గ్యాస్, ఖరీదైన పల్లాడియం, సాల్వెంట్లు కావాలి. పెద్ద ప్లాంటు తప్పదు. తయారైన సరుకు ట్యాంకర్లలో రావాలి. అది తనంతట తాను మండదు గానీ, మంటకు ఆక్సిజన్ అందిస్తుంది. అదీ భయం!

ఎండ పద్ధతిలో ఇవేవీ అక్కర్లేదు. నీళ్లలో ఉత్ప్రేరకం పొడి వేసి ఎండలో పెడతారు. వెలుతురు తగలగానే పొడిలో ఎలక్ట్రాన్లు కదులుతాయి. గాలిలోని ఆక్సిజన్ వాటిని అందుకుని, నీటి నుంచి వచ్చిన ప్రోటాన్లతో కలిసి పెరాక్సైడ్ అవుతుంది. కోల్‌కతాలోని ఎస్.ఎన్.బోస్ కేంద్రం మాలిబ్డినం చేర్చిన ఇలాంటి ఉత్ప్రేరకాన్ని రూపొందించింది. 2019లో జపాన్‌లోని ఒసాకా యూనివర్సిటీ వాళ్లు మామూలు రెసిన్‌తోనే చేసి చూపించారు. అందులో పెరాక్సైడ్‌గా మారిన సౌరశక్తి సుమారు 0.5 శాతం. వినడానికి తక్కువే, కానీ ఈ రంగంలో అది చిన్న విషయం కాదు.

ఇంకో చిక్కుంది. తయారైన పెరాక్సైడ్‌ను అదే వెలుతురు, అదే పొడి మళ్లీ విడగొట్టేస్తాయి. అందుకే వచ్చేది బాగా పల్చటి ద్రావణం. బ్లీచింగ్‌కు అది చాలదు. నీటి శుద్ధికి మాత్రం తక్కువ గాఢత సరిపోతుంది, పైగా అక్కడికక్కడే వాడేయొచ్చు.

ఉద్దానం నీళ్లకూ పనికొస్తుందా అంటే.. ఆ ఆశ పెట్టుకోవద్దు. నీళ్లలో కరిగిన ఉప్పులను, సిలికాను పెరాక్సైడ్ తీసేయలేదు. అక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణమే ఇంకా తేలలేదు. ఫార్మా నీళ్ల విషయంలోనూ ల్యాబ్ బీకరులో నెగ్గిన పొడి నెలల తరబడి మురుగు నీళ్లలో, వానాకాలపు మబ్బుల కింద పనిచేస్తుందా అన్నదే అసలు పరీక్ష.