7.4 సర్వీసు విడిభాగాల నిల్వ: ఎన్ని? ఎక్కడ?

గత భాగంలో పొదుపు ఆర్డరు పరిమాణాన్ని లెక్కకట్టడం నేర్చుకున్నారు. డిమాండు ఏడాది పొడవునా ఇంచుమించు నిలకడగా ఉంటుందన్న ప్రమేయం మీద ఆ సూత్రం నిలబడింది. సబ్బులకు, బిస్కెట్లకు అది సరిపోతుంది. అమ్మిన యంత్రం చెడిపోయినప్పుడు కావలసిన విడిభాగాలకు మాత్రం సరిపోదు.

వరికోత యంత్రాన్నే తీసుకోండి. దాని గేరుబాక్సులోని ఒక భాగాన్ని డీలరు దగ్గర నాలుగు నెలలపాటు ఎవరూ అడగరు. ఐదో నెలలో ఇద్దరు అడుగుతారు. సగటు నెలకు 0.4 అని పుస్తకంలో రాసుకోవచ్చు కానీ, 0.4 గేరు ఎవరూ కొనరు. ఇలాంటి అరుదైన డిమాండుకు క్రోస్టన్ 1972లో ఒక పద్ధతి సూచించాడు: డిమాండుకూ డిమాండుకూ మధ్య ఎంత కాలం గడుస్తోంది, వచ్చినప్పుడు ఎన్ని అడుగుతున్నారు అనే రెండింటినీ విడివిడిగా అంచనా వేయాలి.

కొరత వల్ల కలిగే నష్టానికీ, ఆ భాగం ధరకూ సంబంధం లేకపోవడం మరో చిక్కు. కొన్ని వందల రూపాయల బెల్టు తెగితే లక్షల విలువైన యంత్రం పొలంలో ఆగిపోతుంది. ఈలోగా వాన పడితే పండిన చేను నేలకు ఒరుగుతుంది, గింజ మొలకెత్తుతుంది. విలువనుబట్టి వర్గీకరించే ఏబీసీ విశ్లేషణలో ఆ బెల్టు ‘సీ’ తరగతికి చేరి, ఎవరి దృష్టికీ రాకుండా పోతుంది. అందుకే అవసరాన్నిబట్టి వర్గీకరించే వీఈడీ విశ్లేషణను దానితో కలిపి చూడాలి. చవకైన ప్రాణావసర భాగాన్ని ప్రతి డీలరు దగ్గరా ధారాళంగా ఉంచవచ్చు. దాని గురించి లెక్కలు వేస్తూ కూర్చోనక్కరలేదు. అసలు సమస్య ఖరీదైన ప్రాణావసర భాగాలతోనే.

ఉదాహరణకు, గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఒక కంపెనీకి పదిమంది డీలర్లు, విజయవాడలో ఒక కేంద్ర గిడ్డంగి ఉన్నాయనుకుందాం. కొత్త సరుకు వచ్చేలోపు ఒక్కో డీలరు దగ్గర సగటు డిమాండు 0.5. పాయిజాన్ విభాజనం ప్రకారం డిమాండు సున్నా అయ్యే సంభావ్యత 0.607, ఒకటి అయ్యేది 0.303, రెండు అయ్యేది 0.076. కాబట్టి డీలరు రెండు భాగాలు ఉంచుకుంటే కొరత రాని అవకాశం 98.6 శాతం. పదిమందికీ కలిపి 20 భాగాలు కావాలి. అవే భాగాలను విజయవాడలో ఉంచితే సగటు డిమాండు 5 అవుతుంది, అదే 98.6 శాతానికి 10 చాలు. పెట్టుబడి సగానికి తగ్గింది.

అయితే ఇక్కడ తొందరపడకూడదు. గిడ్డంగి నుంచి భాగం చేరేసరికి ఒక రాత్రి గడుస్తుంది. ఆ రాత్రి ఖరీదు లెక్కలోకి రాలేదు. పైగా 0.5 అనేది ఏడాది సగటు. కోతల కాలంలో యంత్రాలన్నీ ఒకేసారి తిరుగుతాయి. అప్పుడు ఒక్కో డీలరు సగటు 1కి పెరిగితే, కేంద్రంలోని ఆ 10 భాగాలకు కొరత రాని అవకాశం 58 శాతానికి పడిపోతుంది. ఏడాది సగటును నమ్ముకున్న ప్రణాళిక సరిగ్గా రైతుకు అవసరమైన వారంలోనే విఫలమవుతుందన్నమాట. అందువల్ల కోతల ముందు అంచనాను వేరుగా వేసి, కొన్ని భాగాలను డీలర్లకు పంపి, సీజను ముగిశాక మిగిలినవాటిని వెనక్కి రప్పించాలి.

కేంద్రంలో కొన్ని, క్షేత్రంలో కొన్ని ఉంచే ఈ సమస్యకు ‘మెట్రిక్’ అనే గణిత నమూనాను అమెరికా వైమానిక దళం కోసం షెర్‌బ్రూక్ రూపొందించి 1968లో ప్రచురించాడు. గిడ్డంగిలో సరుకు ఎంతుందన్నది కాక, విమాన స్థావరాల్లో తీరకుండా మిగిలిన డిమాండు ఎంతన్నదే అందులో కొలమానం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
కోతల కాలంలో సగటు డిమాండు 1 ఉన్న డీలరు దగ్గర రెండు భాగాలున్నాయి. కొరత రాని సంభావ్యత ఎంత? దాన్ని 98 శాతం దాటించాలంటే ఇంకా ఎన్ని కావాలి?