నలభై శాతం తక్కువేం కాదు

ఇంటర్ మొదటి సంవత్సరం చదివే మా అమ్మాయి ఓ శనివారం సాయంత్రం ప్రాక్టీసు నుంచి వచ్చి, బూట్లు వరండాలో మూలకి విసిరేసి, "అమ్మా, నేనింక షాట్లు వెయ్యను. బంతి అందుకోవడం, పక్కవాళ్లకి ఇవ్వడం, అంతే" అంది. ఏమయిందే అంటే కళ్లనీళ్లు. నాలుగు మ్యాచ్‌లయ్యాక కోచ్‌గారు అందరి లెక్కా బోర్డు మీద రాశారట. మా పిల్లది నలభై శాతం. వాళ్ల జట్టులోనే ఉన్న పొడుగమ్మాయిది యాభై. "నువ్వు దూరం నుంచి వెయ్యడం మానెయ్" అన్నారట.

బాస్కెట్‌బాల్ గురించి అప్పటికి నాకు తెలిసినవి రెండే. రింగు పదడుగుల ఎత్తులో ఉంటుంది. మ్యాచ్ రోజు టిఫిను పెందలాడే పెట్టాలి. కానీ నేను చదివింది బీకామ్. శాతం అన్న మాట చెవిన పడితే, దేని మీద శాతం అని అడక్కుండా ఉండలేను. కోచ్‌గారి లెక్కను అది ఫోనులో ఫొటో తీసుకొచ్చింది. పాల లెక్క రాసే పుస్తకం తిరగేసి, వెనక పేజీలో కూర్చున్నాను.

ఇద్దరూ చెరో 30 షాట్లు వేశారు. పొడుగమ్మాయివి 15 పడ్డాయి. అన్నీ రింగు దగ్గర వేసినవే, తలా రెండు పాయింట్లు. మొత్తం 30. మా అమ్మాయివి 12 పడ్డాయి. వాటిలో 9 దూరం గీత అవతలి నుంచి, అంటే తలా మూడు. ఇరవై ఏడూ, మిగతా మూడింటికి ఆరూ, మొత్తం 33. శాతం తక్కువ వచ్చిన పిల్లే పాయింట్లు ఎక్కువ తెచ్చింది!

ఇదేం వింతా అనుకోకండి. ఇంట్లోనే చీరలమ్మే ఆవిడలు ఇద్దరున్నారనుకోండి. ఒకావిడ పదిమందికి చూపిస్తే ఐదు అమ్ముడవుతాయి, చీరకి రెండొందలు లాభం. రెండో ఆవిడవి నాలుగే పోతాయి, కానీ చీరకి మూడొందలు. సాయంత్రానికి ఎవరి డబ్బా బరువో మీకు చెప్పక్కర్లేదు. కోచ్‌గారు అమ్మిన చీరలు లెక్కపెట్టారు, డబ్బా విప్పి చూడలేదు.

ఆ పాత శాతం దూరం గీత లేని రోజుల నాటిది. అమెరికాలోని పెద్ద లీగు ఎన్‌బీఏ ఆ గీతని 1979లో గీసింది, అంతర్జాతీయ నియమాల్లోకి 1984లో వచ్చింది. ఇప్పుడది రింగుకి 6.75 మీటర్ల దూరంలో, మూలల్లో కాస్త దగ్గరగా ఉంటుంది. అంత దూరం నుంచి వేసినదాన్నీ, రింగు కింద నిలబడి వేసినదాన్నీ ఒకే గాటన కట్టకూడదని ఇంకో లెక్క తెచ్చారు. పడిన ప్రతి మూడు పాయింట్ల షాటునీ ఒకటిన్నరగా లెక్కేస్తారు. దాని పేరు ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతం. అలా చూస్తే మా అమ్మాయి నలభై కాస్తా యాభై ఐదయింది. పొడుగమ్మాయిది యాభై దగ్గరే ఉంది.

మరి ఫౌల్ చేస్తే ఇచ్చే ఫ్రీ త్రోల మాటో? వాటినీ కలుపుకునేది ట్రూ షూటింగ్. ఫ్రీ త్రోలు సాధారణంగా రెండేసి వస్తాయి కాబట్టి ఒక్కోటి అర షాటు కింద లెక్క కట్టాలి. కానీ ఒక్కోసారి బంతి పడ్డాక కూడా అదనంగా ఒకటి ఇస్తారు, దానికి వేరే షాటు ఖర్చుండదు. ఇలాంటివి చూసుకుని అరకు బదులు 0.44 అన్నారు. ఫ్రీ త్రోల సంఖ్యని 0.44తో గుణించి షాట్లకి కలపాలి, ఆ మొత్తాన్ని రెట్టింపు చేసి, దానితో పాయింట్లని భాగించాలి. పులిహోర కలపడం కన్నా తేలికే.

పెద్ద ఆటగాళ్లతో సరిచూశాను. 1999–2000లో షకీల్ ఓనీల్ 1,665 షాట్లలో 956 వేశాడు, 57.4 శాతం. 2015–16లో స్టెఫెన్ కర్రీ 1,598లో 805 వేశాడు, 50.4 శాతం. బోర్డు మీద రాస్తే ఓనీలే గొప్ప. కానీ కర్రీవి 402 దూరం గీత అవతలివి, పైగా 400 ఫ్రీ త్రోల్లో 363 పడ్డాయి. ఓనీల్‌కి 824 ఫ్రీ త్రోలొస్తే 432 పడ్డాయి. ట్రూ షూటింగ్ కడితే ఓనీల్ 57.8, కర్రీ 66.9! ఆడవాళ్లలో ఎలీనా డెల్ డాన్ ఉంది. 2019లో షాట్లలో యాభై శాతం, దూరం షాట్లలో నలభై, ఫ్రీ త్రోల్లో తొంభై దాటి, డబ్ల్యూఎన్‌బీఏలో ఆ మూడూ సాధించిన మొదటి మనిషి అయింది. ఫ్రీ త్రోల్లో ఆమెది 97.4.

నేను కథలు రాసుకునేదాన్ని. కథలో అయితే ఇక్కడ తల్లి పుస్తకం పట్టుకెళ్లి కోచ్ ముందు పరిచేస్తుంది, ఆయన తలదించుకుంటాడు. నేనూ చీర కుచ్చిళ్లు సర్దుకుని బయల్దేరబోయాను. ఎందుకో అనుమానమొచ్చి, "ఆ తొమ్మిదింటికీ బంతి ఎవరిచ్చారే?" అన్నాను. అది వేళ్లు మడిచి లెక్కపెట్టి, "ఏడు అక్కే ఇచ్చింది" అంది. అక్క అంటే పొడుగమ్మాయి. ఆ పిల్ల రింగు దగ్గరికి చొచ్చుకెళ్తుంటే ఎదుటివాళ్లు ఇద్దరు ముగ్గురు మీదపడతారట. అప్పుడు ఖాళీగా నిలబడ్డ మా అమ్మాయికి బంతి విసురుతుంది. అలా ఒంటి మీద దెబ్బలు తినే ఆ పిల్లకి పది ఫ్రీ త్రోలు వచ్చాయి, నాలుగే పడ్డాయి. నా పుస్తకంలో ఆమె ట్రూ షూటింగ్ 49 చిల్లర. మాదానికొచ్చిన నాలుగూ పడ్డాయి కాబట్టి 58. ఆ ఏడు పాస్‌ల గడి నా లెక్కలోనే లేదు.

అయినా వెళ్లాను. కోచ్‌గారు పేజీ ఓపిగ్గానే చూశారు. "నాలుగు మ్యాచ్‌లతో ఏం తేలుతుందమ్మా? ఈ 0.44 పెద్ద లీగుల అంచనా కూడాను" అన్నారు. అదీ నిజమే. "మరి నలభై అని బోర్డు మీద రాసిందీ ఆ నాలుగు మ్యాచ్‌లతోనే కదండీ" అన్నాను. ఆయన కాసేపు గెడ్డం గోక్కుని, "పది మ్యాచ్‌లయ్యేదాకా వెయ్యనివ్వండి. లెక్క మీరే రాయండి" అని నోటుబుక్కు నా చేతిలో పెట్టారు.

ఇప్పుడు మ్యాచ్ రోజున గట్టు మీద నాకో చోటుంది. నోటుబుక్కులో బంతి ఎవరిచ్చారన్నదానికి కొత్త గడి గీశాను. సాయంత్రాలు ఆ పొడుగమ్మాయి మా ఇంటి మీదుగా వస్తుంది. కాఫీ తాగి ఇద్దరూ గ్రౌండుకి పోయి చెరో యాభై ఫ్రీ త్రోలు వేస్తారు. మొదటిరోజు ఆ పిల్లకి యాభైలో ఇరవై రెండు పడ్డాయి. నిన్న ఇరవై తొమ్మిది.