గెలీమ్, కంబళి: గొర్రెల మంద వెంట నడిచిన నేత

తివాచీ అనగానే మన కళ్ళ ముందు మెదిలేది మెత్తని నూగు, పూలతీగెలు, దర్బారు వైభవం. మన ఏలూరు తివాచీ ఆ కోవలోదే. పారశీకం నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు ఆ విద్యను అక్కడికి తెచ్చాయని చెప్పుకుంటారు. కాని అదే పారశీక దేశంలో ఖష్‌ఖాయీ, బఖ్తియారీ, షాసెవన్ వంటి సంచార తెగల గుడారాలలో మరొక నేత ఉన్నది. అందులో ముడులు లేవు, నూగు లేదు. పడుగూ పేకా మాత్రమే. ఫార్సీలో దానిని గెలీమ్ అంటారు. అనంతపురం కరువు సీమలో దానికి వరసైన చుట్టం కురుబల కంబళి.

ఈ తెగలు ఏటా మందలతో చలికాలపు మైదానాల నుంచి వేసవి కొండలకు, మళ్ళీ వెనక్కు తరలిపోతాయి. బరువైన వస్తువు వారికి భారం. అందుకే స్త్రీలు నేలమీద మేకులు కొట్టి మగ్గం వేస్తారు. బయలుదేరే వేళ మేకులు పీకి, సగం నేసిన బట్టతో సహా చుట్టి జంతువు మీద వేస్తారు. భోజనానికి పరిచే సుఫ్రా, జీను మీద వేసే సంచి, మూతి సన్నని ఉప్పు సంచి, అన్నీ ఈ నేతలోనే తయారవుతాయి. ప్రయాణానికి తేలికైన తోలు గుడారాలను, ఉన్నితోనూ వెంట్రుకలతోనూ అమరే సామగ్రిని ఖుర్ఆన్ (నహ్ల్ సూరా, 80వ ఆయతు) దైవానుగ్రహాలలో పేర్కొన్నది.

గెలీమ్ మీది మెట్లు మెట్లుగా సాగే బొమ్మలు కేవలం కల్పన కావు. ఒక్కొక్క రంగు పేక తన హద్దు వరకు వచ్చి వెనుదిరుగుతుంది గనుక రెండు రంగులు కలిసేచోట సన్నని చీలిక మిగులుతుంది. నిలువు గీత పొడవైతే చీలికా పొడవై బట్ట బలం తగ్గుతుంది. అందుకే గీతను పక్కకు జరుపుతూ పోతారు. పాత గెలీమ్‌ను వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే ఈ చీలికలు కనబడతాయి.

ఇక మన కంబళికి రంగులెందుకు లేవు? అక్కడ తెల్ల ఉన్ని మంజిష్ఠ జాతి వేళ్ళతో ఎరుపును, నీలిమందుతో నీలాన్ని పట్టుకుంటుంది. ఇక్కడి దక్కని గొర్రె ఉన్ని పుట్టుకతోనే నలుపు. దానికి రంగు వేసినా తేలదు. కనుక నేర్పంతా బొమ్మలో గాక బిగువులో చూపారు. కళ్యాణదుర్గం, రాయదుర్గం ప్రాంతాల కురుబ ఇళ్ళలో స్త్రీలు ఉన్ని వడికితే పురుషులు గుంటమగ్గం మీద నేస్తారు. అక్కడ నేత స్త్రీది, ఇక్కడ పురుషునిది. ఈ తేడా గమనార్హం. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. ఎండకూ, చలికీ, ఎప్పుడో ఒకసారి పడే వానకూ కాపరికి అదే రక్ష.

ఉర్దూ నాత్‌లలో ప్రవక్త (స)ను కమ్లీవాలే అని పిలవడం పాఠకులు వినే ఉంటారు. ఆ కమ్లీ, మన కంబళి ఒకే మాట. సూఫీ అన్న పదం కూడా ఉన్ని అని అర్థమిచ్చే సూఫ్ నుంచి వచ్చినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఇంత గౌరవమున్న వస్త్రాన్ని ముతక బట్టగా చూడటం మనకు అలవాటైపోయింది.

గెలీమ్ విషయంలోనూ అదే జరిగింది. తివాచీ వ్యాపారులు చాలాకాలం దానిని విలువైన తివాచీల మూటలకు పైకప్పుగా చుట్టి ఎగుమతి చేశారు. రెజా షా పాలనలో (1925–1941) తెగలను బలవంతంగా ఒకచోట స్థిరపరచినప్పుడు వారి మందలు ఎన్నో నశించాయి. విదేశీ సేకర్తల కన్ను దానిమీద పడేసరికి దానిని పుట్టించిన బ్రతుకు చాలావరకు చెదిరిపోయింది. నేడు పాత గెలీమ్‌లకు మ్యూజియంలలోనూ, వేలంపాటలలోనూ చోటున్నది.

అనంతపురంలో ఇది మరో దారిన సాగుతున్నది. మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్ని లేని గొర్రెలు దక్కని మందలలోకి వచ్చాయి. మర నేత దుప్పట్లు చవకగా దొరుకుతున్నాయి. కత్తిరించిన నల్ల ఉన్నికి కొనేవారు కరువై, ఎన్నోచోట్ల దానిని పారవేస్తున్నారు. పాత కంబళి ఏ వేలంపాటకూ వెళ్ళదు. తాత కప్పుకున్నది చిరిగాక గుమ్మంలో పరుస్తారు, ఆ తరువాత పశువుల కొట్టంలో.