అది బద్ధకం కాకపోవచ్చు!



రెండేళ్ల కిందట నా మూడో తరగతిలో ఒక బాబు ఉండేవాడు. నోటితో ఏది అడిగినా టక్కున చెప్పేవాడు. రాయమంటే మాత్రం అక్షరాలు గీత దాటిపోయేవి. సగం పేజీ కాకముందే బెల్ మోగేది. వాటర్ బాటిల్ మూత తీస్తే సగం నీళ్లు యూనిఫాం మీదే పడేవి. గేమ్స్ పీరియడ్‌లో టీములు వేసేటప్పుడు తనను అందరికంటే చివర పిలిచేవారు.

నేనేం చేశాను? ఎర్ర ఇంకుతో "నీట్‌గా రాయి" అని రాసి, అదే పేజీని మూడుసార్లు రాయించాను. మూడోసారి రాసింది మొదటిదానికంటే అధ్వాన్నంగా ఉంది. కొన్నాళ్లకు తను బోర్డు చూసి రాసుకోవడమే మానేశాడు. గేమ్స్ పీరియడ్ వస్తే "కడుపునొప్పి టీచర్" అని క్లాసులోనే కూర్చునేవాడు. ఇలాంటి పిల్లల గురించి చదివిన తర్వాతే నా పొరపాటు నాకు అర్థమైంది.

ఏమిటీ సమస్య?

దీన్ని డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు. పొట్టిగా డీసీడీ. డిస్‌ప్రాక్సియా అనే మాట కూడా వినే ఉంటారు. గుండీలు పెట్టుకోవడం, సైకిల్ తొక్కడం, కత్తెరతో కత్తిరించడం, రాయడం వంటివి మిగతా పిల్లలకు కొద్దిరోజుల్లో అలవాటైపోతాయి. వీళ్లకు మాత్రం ప్రతిసారీ కొత్త పనిలాగే ఉంటుంది. తెలివితేటలకు దీనితో సంబంధం లేదు.

5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో నూటికి 5 నుంచి 6 మందికి ఇది ఉంటుందని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రచురించిన డీఎస్ఎం-5 చెబుతోంది. అంటే 40 మంది ఉన్న సెక్షన్‌లో సుమారు ఇద్దరు. నెలలు నిండకముందే పుట్టిన పిల్లల్లో ఇది మరింత ఎక్కువ. ఒకప్పుడు నిపుణులు కూడా వీళ్లను "క్లమ్సీ" పిల్లలు అనేవారు. 1994లో కెనడాలో సమావేశమైన నిపుణులు ఆ మాట వదిలి డీసీడీ అనే పేరు వాడాలని ఒప్పుకున్నారు. మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా డిస్‌ప్రాక్సియాను గుర్తించింది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఏ పని రావడం లేదో ఆ పనినే నేర్పాలా, లేక ముందు బ్యాలెన్స్, కండరాల బలం వంటివి పెంచే ఎక్సర్‌సైజులు చేయించాలా అన్నది చాలాకాలం చర్చ. 2019లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు మొదటిదానికే మొగ్గు చూపాయి. లేసులు కట్టుకోవడం రావాలంటే లేసులే కట్టించాలి. అయితే ఊరికే పదిసార్లు చేయిస్తే చాలదు.

కెనడాకు చెందిన హెలెన్ పోలటైకో, ఏంజెలా మాండిచ్ తయారుచేసిన పద్ధతిలో నాలుగు మెట్లు ఉంటాయి: గోల్, ప్లాన్, డూ, చెక్. ఏం నేర్చుకోవాలో పిల్లలే ఎంచుకుంటారు. ఎలా చేయాలో ఆలోచిస్తారు, చేస్తారు, కుదిరిందో లేదో చూసుకుంటారు. పెద్దవాళ్లు జవాబు చెప్పేయకుండా ప్రశ్నలు అడుగుతారు. "ముడి ఎక్కడ ఊడిపోతోంది?" "అక్కడ ఏం చేస్తే బాగుంటుంది?" అంతే.

అదే దేశంలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో షెరిల్ మిసియునా బృందం ఇంకో మార్పు తెచ్చింది. థెరపిస్టులు స్కూలుకే వచ్చి, టీచర్‌తో కలిసి క్లాసులోనే సాయం చేస్తారు. డయాగ్నోసిస్ కాగితం చేతికి వచ్చేదాకా ఎవరూ ఆగరు. పిల్లలు "నాకు రాదు" అని తీర్మానించుకోకముందే సాయం అందాలన్నది దీని ఉద్దేశం.

ఇంట్లో మనం చేయగలిగినవి

• ఒక్క పనిని మీ బాబునో పాపనో ఎంచుకోనివ్వండి. రోజుకు పది నిమిషాలు చాలు.
• స్కూల్ బస్ వచ్చే హడావుడిలో నేర్పకండి. అప్పుడు వెల్‌క్రో షూ వేసి పంపండి. లేసుల సంగతి ఆదివారం చూద్దాం.
• రాసేటప్పుడు పాదాలు నేలకు ఆనాలి. అందకపోతే కింద చిన్న పీట వేయండి.
• చేతిరాత బాగోలేదని పేజీలకు పేజీలు మళ్లీ రాయించకండి. పాఠం వచ్చిందో లేదో నోటితో అడిగి చూడండి.
• "అన్నయ్యను చూడు, ఎంత చక్కగా రాస్తాడో" అనే మాట మానేద్దాం.

డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి?

ఐదేళ్లు దాటాక కూడా ఈ ఇబ్బందులు రోజువారీ పనులకు అడ్డుపడుతుంటే పిల్లల డాక్టర్‌ను కలవండి. కంటి పరీక్ష కూడా చేయించండి. అవసరమైతే ఆయనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గరికి పంపుతారు. అప్పటిదాకా వచ్చిన పని రాకుండా పోయినా, ఒకవైపు చేయో కాలో బలహీనంగా అనిపించినా, పడిపోవడం రోజురోజుకీ ఎక్కువైనా మాత్రం అస్సలు ఆలస్యం చేయకండి. అవి డీసీడీ లక్షణాలు కావు.

ఇక మా బాబు సంగతి. ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని "నీకు ఏది బాగా రావాలని ఉంది?" అని అడిగాను. చేతిరాత అంటాడనుకున్నాను. "బాటిల్ మూత టీచర్. అందరూ నవ్వుతున్నారు" అన్నాడు. నీళ్లు ఎప్పుడు ఒలుకుతున్నాయో ఇద్దరం చూశాం. బాటిల్‌ను గాల్లో పట్టుకుని తిప్పుతున్నాడు. బెంచీ మీద పెట్టి, ఎడమ చేత్తో అదిమి పట్టుకోవాలని తనే కనిపెట్టాడు. వారం తిరిగేసరికి యూనిఫాం తడవడం ఆగిపోయింది. చేతిరాత ఏడాది చివరికీ వంకరగానే ఉంది కానీ, బోర్డు చూసి రాసుకోవడం మళ్లీ మొదలుపెట్టాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఇబ్బంది ఉందనిపిస్తే వచ్చే పీటీఎంలో మార్కుల కంటే ముందు ఆ మాటే చెప్పండి. ఇంట్లో మీరు చూసేది, క్లాసులో మేము చూసేది కలిపితేనే పిల్లలకు ఏం కావాలో తెలుస్తుంది.