ఏ అంగన్‌వాడీ మంచిది? అపోహలు – వాస్తవాలు

వేసవి సెలవులు అయ్యేసరికి కోనసీమ నుంచి కొల్లేటి గట్టు దాకా ప్రతి ఊరి మొగదలా కాన్వెంటు ఫ్లెక్సీలు వెలుస్తాయి. మూడేళ్లు నిండిన పిల్లలున్న ఇళ్లలో చర్చ మొదలవుతుంది. కాన్వెంటా, అంగన్‌వాడీయా? అంగన్‌వాడీ అయితే మన వీధిదా, బడి ఆవరణలోదా, పక్క పేటదా? ఒకే మండలంలో పదుల సంఖ్యలో కేంద్రాలుంటాయి కాబట్టి పోల్చుకోవడం సహజం. కానీ ఆ పోలికలో వినిపించే మాటలు చాలావరకు ఎవరో అన్నారని మనమూ అనేవే.

అపోహ: అంగన్‌వాడీ అంటే గుడ్డూ పాలూ ఇచ్చే చోటు. చదువుతో సంబంధం లేదు.

వాస్తవం: 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో అంగన్‌వాడీల మాతృ పథకం ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) మొదలైంది. ఆ పథకం కింద ఇవ్వాల్సిన సేవలు ఆరు. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పాఠాలు, వాటితో పాటు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బడికి ముందు చదువు. గుడ్డు పెట్టారని పిల్లలు ఇంటికొచ్చి చెబితే తెలుస్తుంది. పాట, కథ, రంగుల పేర్లు అలా తెలియవు. ఆ మాటకొస్తే పల్లె పిల్లలకు ఇలాంటి బడి 1975తో పుట్టిందీ కాదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ మండలి ఇచ్చిన గ్రాంట్లతో ఐసీడీఎస్ కంటే ముందే ఎన్నో ఊళ్లలో బాలవాడీలు నడిచాయి.

అపోహ: అది తెల్లకార్డు వాళ్లకే.

వాస్తవం: కార్డుతో పనిలేదు. ఆరేళ్లలోపు ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీ సేవలు అందాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో తేల్చింది. 2013 నాటి ఆహార భద్రత చట్టం కూడా ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారాన్ని హక్కుగా ఇచ్చింది, ఆదాయం అడగలేదు. పదెకరాల ఆసామి మనవడికి ఎంత హక్కుందో, అదే చేలో నాట్లు వేసే కూలీ కూతురికీ అంతే. కలిగినవాళ్లు పంపకపోవడానికి కారణం నిబంధన కాదు. ఆ కేంద్రం పేటలో ఉంది, అక్కడ ఎవరి పిల్లల పక్కన కూర్చోవాలో అన్న లెక్క అది. పైకి మాత్రం ‘అక్కడ చదువు చెప్పరండీ’ అంటారు.

అపోహ: కాన్వెంటులో మూడేళ్లకే రాసేస్తారు, అంగన్‌వాడీలో నాలుగేళ్లొచ్చినా ఆటలే.

వాస్తవం: మణికట్టులోని చిన్న ఎముకలు పుట్టినప్పుడు మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి, ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. మూడేళ్ల చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల పుస్తకం నింపమంటే ఆ చెయ్యి నొప్పెడుతుంది. ఆ వయసులో మట్టి పిసకడం, గింజలు ఏరడం, పూసలు గుచ్చడమే రాతకు సాధన.

అలాగని అంగన్‌వాడీని వెనకేసుకు రావడానికీ లేదు. అస్సాం, రాజస్థాన్, తెలంగాణల్లో 14,000 మంది పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల వరకు గమనించిన ఒక పెద్ద అధ్యయనం 2017లో వచ్చింది. అందులో రెండింటికీ మొట్టికాయలే. అంగన్‌వాడీల్లో చదువు పేరుకు మాత్రమే సాగుతోందని, ప్రైవేటు బడులు ఒకటో తరగతి పాఠాన్నే కిందికి లాగి చెబుతున్నాయని, ఐదేళ్లకు పిల్లలు బడికి సిద్ధం కావడం లేదని తేల్చింది. నెలనెలా ఫీజు కట్టి కొనుక్కుంటున్నది ఏమిటో ఆలోచించుకోవాల్సిందే.

ఫ్లెక్సీల మీద ‘మాంటిస్సోరి’ అన్న మాట కనిపిస్తే అది గొప్పింటి బడి అనుకుంటాం. మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న తెరిచిన మొదటి ‘పిల్లల ఇల్లు’ రోము నగరంలోని శాన్ లోరెంజో అనే పేదల వాడలో ఉండేది. అమ్మానాన్నలు పనికి పోతే ఇళ్ల దగ్గర అల్లరి చేసే పిల్లల కోసం పెట్టినది. మన పేటలోని అంగన్‌వాడీకి దగ్గరి చుట్టం.

అపోహ: కొత్త బిల్డింగు, గోడల మీద బొమ్మలు ఉన్న సెంటరే మంచిది.

వాస్తవం: మంచి గది కావాలి, మరుగుదొడ్డి కావాలి, చేపల చెరువుల పక్క ఊళ్లలోనైతే తాగే నీరు మరీ ముఖ్యం. అయితే రెండు కేంద్రాలకు అసలు తేడా గోడల్లో దొరకదు. ఉదయం పదింటికి వెళ్లి ఓ గంట గడప దగ్గర కూర్చోండి. టీచరమ్మ చాప మీద పిల్లల మధ్య ఉందా, మూల కుర్చీలో ఫోనుతో ఉందా చూడండి. ఫోనుతో ఉంటే వెంటనే తప్పు పట్టకండి. పోషణ్ ట్రాకర్ యాప్‌లో హాజరు వెయ్యాలి, బరువులు ఎక్కించాలి, రేషన్ ఇంటికి తీసుకెళ్లే తల్లుల ముఖాలు పట్టించాలి. సిగ్నల్ అందక వీధిలోకొచ్చి చెయ్యెత్తి నిలబడే టీచర్లు లంక గ్రామాల్లో కొత్త కాదు. ఈలోగా బాలింత వస్తుంది, ఏఎన్ఎం వస్తుంది, సూపర్‌వైజర్ ఫోను చేస్తుంది. ఆయా వంట దగ్గర ఉంటుంది. పిల్లలు గోడవార కూర్చుని కుక్కరు విజిల్స్ లెక్కపెడుతుంటారు. అదీ లెక్కల పాఠమే అనుకోవాలి!

టీచరు మీద పని భారం తగ్గితే ఏమవుతుందో తమిళనాడులో పరీక్షించి చూశారు. 640 కేంద్రాలు తీసుకుని, సగంచోట్ల పూటపని మనిషిని ఒకరిని కేవలం పిల్లల చదువు కోసం అదనంగా పెట్టారు. అక్కడ చదువు చెప్పే సమయం రెట్టింపయింది, లెక్కలూ భాషా మెరుగయ్యాయి. పాత కార్యకర్తకు తీరిక దొరికి, పిల్లల్లో తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గింది. కాబట్టి పక్క ఊరి కేంద్రంతో పోల్చేటప్పుడు టైల్స్ కాదు, పోస్టులు చూడాలి. ఆయా పోస్టు ఖాళీగా ఉందా? టీచరుకు పక్క కేంద్రం అదనపు బాధ్యత అప్పగించారా? ఈ రెండూ తెలిస్తే చాలావరకు తెలిసినట్టే.

అపోహ: బడి ఆవరణలో ఉన్న పీపీ1 (ప్రీ ప్రైమరీ 1)లో వేస్తే స్కూల్లో వేసినట్టే, బడి పంతుళ్లే చెబుతారు.

వాస్తవం: జాతీయ విద్యా విధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా లెక్కించింది. దాన్ని అనుసరించి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలను శాటిలైట్ ఫౌండేషన్ స్కూళ్లన్నారు, పిల్లలను పీపీ1, పీపీ2గా విడదీశారు. బోర్డు మారినా చెప్పేది అదే టీచరమ్మ, వండేది అదే ఆయా, చూసేది అదే మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ. బడి పక్కనే ఉంటే పెద్ద పిల్లలతో అలవాటు పడతారు, నిజమే. మరి దారిలో పంట కాలువ దాటాల్సి వస్తే? మూడేళ్ల పిల్లకు ఇంటి దగ్గరి పాత గదే నయం.

అపోహ: వాళ్లకేం, సర్కారీ జీతం.

వాస్తవం: జీతం కాదు, గౌరవ వేతనం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీచరుకు నెలకు ₹11,500 చేశారు. వేతనం పెంచాలంటూ 2023 డిసెంబరులో వీళ్లు మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు సాగింది, మధ్యలో అత్యవసర సేవల చట్టం ఎస్మా కూడా ప్రయోగించారు. వీళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పిందే 2022 ఏప్రిల్‌లో.

అపోహ: పేరు మన ఊళ్లో లేకపోతే చేర్చుకోరు.

వాస్తవం: పురిటికి పుట్టింటికొచ్చిన కూతురైనా, రాజమండ్రి చుట్టుపక్కల ఇటుక బట్టీలకు వలసొచ్చిన కుటుంబమైనా, తల్లి కువైట్ వెళ్తే అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లాడైనా ఇప్పుడున్న ఊళ్లోనే సేవలు పొందవచ్చు. పేరును ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి మార్చే వీలు పోషణ్ ట్రాకర్‌లోనే ఉంది. పాత కేంద్రం టీచరు ఫోను నంబరు దగ్గర పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది. అసలు కేంద్రమే లేని ఆవాసంలో ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉంటే, అడిగిన మూడు నెలల్లోగా కేంద్రం ఇవ్వాలని కూడా సుప్రీంకోర్టు 2006 తీర్పులోనే ఉంది. అర్జీ సీడీపీవోకు (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి), పిల్లల పేర్లూ పుట్టిన తేదీలూ జతచేసి ఇవ్వాలి. అందినట్టు రసీదు తీసుకోవడం మరవొద్దు.