ఎదిగిన బిడ్డ వైద్యఖర్చు – తండ్రి ఆదాయపు పన్ను



ఎన్నేళ్ళు వచ్చినా బిడ్డ బిడ్డే. సంపాదించవలసిన వయస్సులో కుమారుడు మంచము పడితే ఆస్పత్రి బిల్లు కట్టేది తల్లిదండ్రులే. మా సంఘములో ఒక ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు ఇరవై ఏడేళ్ళ కుమారునికి రెండేళ్ళుగా డయాలసిస్ చేయిస్తున్నాడు. "మేజరైన కొడుకు ఖర్చు నా పన్నులో ఎలా చూపిస్తాను అయ్యగారూ?" అని బిల్లులు దాచలేదు. అది పొరపాటని తెలిసేసరికి ఒక ఏటి గడువు దాటిపోయింది. ఆ నష్టము మరొకరికి కలుగకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఇక్కడ చట్టము బిడ్డ వయస్సు అడగదు, పోషణకు ముఖ్యముగా మీమీద ఆధారపడి ఉన్నాడా అని అడుగుతుంది. కుమారుడు తన జీతముతో తాను బ్రతుకుతుంటే తండ్రికి మినహాయింపు లేదు.

అన్ని జబ్బులకూ ఇది వర్తించదు. క్యాన్సరు, మూత్రపిండాల వైఫల్యము, హీమోఫీలియా, తలసేమియా వంటి నిర్ణీత వ్యాధులకు 80డిడిబి సెక్షను క్రింద ఏటా రూ. 40,000 వరకు ఆదాయములో తగ్గించుకోవచ్చును. ఆ వ్యాధి నిపుణుడు వ్రాసిన చీటీ ఉండాలి. ఇన్సూరెన్సు వారు గాని, యజమాని గాని తిరిగి ఇచ్చిన సొమ్మును మినహాయింపులో నుండి తీసివేయాలి.

బిడ్డకు 40 శాతము లేక అంతకు మించిన వైకల్యము ఉంటే 80డిడి సెక్షను ఉన్నది. పోషణకు, వైద్యానికి ఎంత ఖర్చయినా రూ. 75,000, వైకల్యము 80 శాతము లేక అంతకు మించితే రూ. 1,25,000 తగ్గుతుంది. దీనికి వైద్యాధికారి సర్టిఫికెట్టు అవసరము.

ఇవి 1961 చట్టములోని నంబర్లు. 2026 ఏప్రిల్ 1 నుండి అమలయ్యే 2025 చట్టములో నంబర్లు మారాయి.

ఒక హెచ్చరిక. రూ. 40,000 మినహాయింపు అంటే అంత సొమ్ము చేతికి రావడము కాదు. 20 శాతము పన్ను కట్టేవారికి సెస్సుతో కలిపి మిగిలేది రూ. 8,320. పైగా ఈ మినహాయింపులు పాత పన్ను విధానములోనే ఉన్నాయి. 2023-24 నుండి మీరు కోరకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. అందులో పన్ను రేట్లు తక్కువ, కనుక రెండు విధాల లెక్క వేయించి, ఏది లాభమో చూచి, గడువులోగా ఎంచుకొనండి.

రూ. 8,320 గొప్ప సొమ్ము కాదనిపించవచ్చు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తిరిగే ఇంటిలో అది మందులకు, ఆటో ఖర్చులకు ఆసరా. ఈ రోజే ఒక ఫైలు తెరచి, డాక్టరు చీటీ, బిల్లులు, రసీదులు తేదీల వారీగా దాచండి. మా అధ్యాపకుని ఇంట ఇప్పుడు ఆ ఫైలు చూచుకొనేది ఆ కుమారుడే.